గుమ్మంలో మగచెప్పులు

హలో… ఆ, నేనే. చెప్పమ్మా.

ఆ, పొద్దున ఫోన్ చేసింది నేనే. నువ్వు లేవన్నారు. ఎవరో ఎత్తితే వాళ్ళకే చెప్పాను… కుక్కని వెనక్కి తీసుకుపొమ్మని.

…బండి బయల్దేరుతోందా? సరే, పంపించు. ఇంట్లోనే ఉంటాను. నేనెక్కడికి పోతాను?

…

లేదమ్మా, కరవలేదు. కరిచినా బాగుండేది, నా దగ్గరికొచ్చినట్టన్నా ఉండేది.

…నవ్వకు. నిజంగానే అంటున్నాను.

ఎందుకంటే ఏం చెప్పను… కుదర్లేదు. కొన్ని కుదరవు. మీ ఆశ్రమంలో అన్ని కుక్కల మధ్య మసిలినవాడు, ఈ ఒంటిగది మనిషితో ఏం పొద్దుపోతుంది వాడికి?

…తింటున్నాడు, ఎందుకు తినడు? నేను వంటింట్లోంచి ఇవతలికి వచ్చాక తింటాడు. గిన్నె ఖాళీ అవుతుంది, తిన్నవాడు మాత్రం కనపడడు. కొత్తల్లుడు నయం. సిగ్గుపడుతూ అయినా అత్తగారి ఎదురుగా కూర్చుని తింటాడు.

ఆ… అదే పేరు పెట్టాను. మీరు పెట్టినదానికి పలకలేదు. ఓసారి విసుగొచ్చి 'అల్లుడుగారూ, దయచేయండి' అన్నాను. ఒక చెవి కదిపాడు. సరే, మర్యాద తెలిసినవాడే అనుకుని అదే ఖాయం చేశాను.

…ఇప్పుడా? మంచం కింద. గోడకి మొహం, నాకు తోక.

…

కొట్టడమా? నేనా?

…సరేలే, అడగాలి కాబట్టి అడిగావు. తప్పులేదు. అమ్మాయ్, నేను చొక్కాలకి కాజాలు కుట్టుకునే మనిషిని. ఈ చేత్తో సూది తప్ప ఇంకోటి ఎత్తి ఎరగను.

…పగలు కాస్త నయమే. నేను కిటికీ దగ్గర కుట్టుకుంటుంటే మంచం కిందనుంచి మూతి బయట పెడతాడు. నేను తలతిప్పానో, మూతి లోపలికి పోతుంది. తాబేలుతో కాపరం చేస్తున్నట్టుంది. అదైనా ఓర్చుకున్నాను. సాయంత్రమయ్యేసరికే మళ్ళీ మొదటికొస్తుంది. ఒళ్ళంతా వణుకు. ఒక్కోసారి ఉన్నచోటే తడిపేస్తాడు. నేను గుడ్డ తెచ్చి తుడుస్తుంటే నాకన్నా వాడికే సిగ్గు.

…సాయంత్రం ఏం చేస్తానా? ఏముంది చెయ్యడానికి! కళ్ళానవు కదా, కుట్టుపని కట్టిపెడతాను. లైటు వేస్తాను. గుమ్మంలో చెప్పులు తీసి లోపల పెడతాను. తలుపు గడియ పెడతాను. అంతే.

…నావి కాదు. మా ఆయనవి.

…పోయారు, అవును. నీకు చెప్పాను కదా వీణ్ణి తెచ్చుకున్నరోజు.

…

ఎందుకంటే… ఒంటరిగా ఉండేవాళ్ళకి తెలుస్తుందిలే. గుమ్మంలో మగచెప్పులు కనపడితే, వచ్చినవాడు తలుపు మెల్లిగా కొడతాడు. కొళాయి బాగుచేసేవాడు కానీ, ఇంకెవడు కానీ. 'సార్ పడుకున్నారా అమ్మా' అని గొంతు తగ్గిస్తాడు. నేను ఔననను, కాదనను. పడుకున్నమాట అబద్ధమేం కాదు.

…ఊఁ. ఊరికే పెడితే కనిపెట్టేస్తారు. దుమ్ముపట్టిన చెప్పులు ఏం చెప్తాయి? అందుకే తుడుస్తుంటాను. చెత్త పారేయడానికి అవే తొడుక్కుపోతాను, కాస్త మట్టి అంటుతుందని. ఒకరోజు ముక్కులు వీధివైపు, ఒకరోజు ఇంటివైపు. బతికున్నప్పుడు కూడా ఆ మనిషి ఇంతగా తిరగలేదు. మహా బద్ధకస్తుడు.

…లోపలికి ఎందుకంటే, బయటుంటే ఎవడన్నా తొడుక్కుపోతాడు. అంచేత చేత్తో పట్టుకుని, మంచం పక్కనుంచి వచ్చి, ఆ మూల…

…

ఏమన్నావు? మళ్ళీ చెప్పు.

…దేనితో?

…ఆ కొట్టువాడా? మీ దగ్గరికి రాకముందు వీణ్ణి కొట్టు వెనక కట్టేసి ఉంచినవాడా?

…చెప్పుతోనా!

…నాకు ఒక్కరూ చెప్పలేదే! …ఓహో, మీకూ ఇప్పుడే తెలిసిందా. పక్క దుకాణం ఆవిడ చెప్పిందా. కొట్టు మూసే వేళకి… రోజూనా?

…

ఆగు.

…

అయితే రోజూ పొద్దుగూకగానే నేను చెప్పులు చేతబట్టుకుని వాడి మీదికి వస్తున్నాను. సరిగ్గా వాడి మూతి పక్కనుంచి. పైగా 'అల్లుడుగారూ, బాగున్నారా' అని పలకరింపొకటి! చెప్పు చేతపడితే మనుషులే పారిపోతారు. వాడు పాపం గొలుసు లేకపోయినా ఎక్కడికి పోతాడు, మంచం కిందికి తప్ప.

…తెలియక చేశానని నాకు తెలుసమ్మా. వాడికి తెలియదు కదా.

…

తీసెయ్యాలా? పూర్తిగానా? …గుడ్డలో చుట్టి తెచ్చుకుంటే? …వాసన తెలుస్తుందంటావు. పగలు గుమ్మంలో ఉన్నా కష్టమేనా… అందుకేనా గుమ్మం దాటమంటే నాలుగు కాళ్ళూ పాతేస్తాడు! నేను వీధంటే భయం అనుకున్నాను.

…

అది కాదు. చెప్పడం సులువే. రెండు తోలుముక్కలే అనుకో. కానీ నా ఇంటికి ఉన్న మగదిక్కు అదే.

…కుక్క ఉండగా చెప్పులెందుకంటావా? బాగుంది! వీడు మొరగనే మొరగడు. దొంగ వస్తే 'రా నాయనా' అని మంచం కింద కాస్త జరిగి చోటిస్తాడు.

…నిదానంగా ఆలోచించుకోమని నువ్వే అంటావు, అవతల బండి పంపేస్తున్నామనీ నువ్వే అంటావు.

…

లైన్లో ఉండు. పెట్టెయ్యకు.

…

ఆ. సంచిలో వేశాను. వాడికి కనపడకుండా వీపు అడ్డం పెట్టి తెచ్చాను. ఇదిగో, బీరువా కింది అరలో. తలుపు వేశాను. తాళం కూడా వేశాను, ఎందుకో మరి.

…గుమ్మం బోసిగా ఉంది.

…ఏడవడం లేదమ్మా. వంగి లేచాను కదా, ఆయాసం.

…

నేలమీదా? కూర్చుంటాను, లేవడమే కష్టం. …ఆ, కూర్చున్నాను. మంచానికి వీపు పెట్టాలా? సరే. పిలవకూడదు. చూడకూడదు. బతిమాలకూడదు. మరి ఏం చెయ్యను?

…నీతో మాట్లాడుతూ ఉంటే చాలా? అది మరీ కష్టం తల్లీ. నాకు ఫోన్లో మాటలు రావు. నాకెవరు చేస్తారు? దర్జీ చేస్తాడు. 'అయ్యాయా' అంటాడు, 'అయ్యాయి' అంటాను. ఆ మాట కూడా పూర్తిగా వినడు.

…కాజాల గురించి ఏముంటుంది చెప్పడానికి! …సరే, నువ్వడిగావు కాబట్టి. మొదట గుడ్డ కోసేదగ్గరే ఉంది అంతా. ఒక్క పోగు ఎక్కువ తెగిందా, గుండీ నిలవదు. తర్వాత చుట్టూ దారం, పక్కపక్కనే, ఒకదాని భుజం ఒకటి తాకేట్టు. కొత్త కాజా ఎప్పుడూ బిగుతే. తొడుక్కునేవాళ్ళు తిట్టుకుంటారు, గుండీ దూరడం లేదని. దర్జీ వెంటనే కత్తెర తీస్తాడు. నేను ఒప్పుకోను. నాలుగుసార్లు తొడగనీ, ఉతకనీ, అదే…

…

గోళ్ళ చప్పుడు.

…చూడ్డం లేదు. ఒట్టు. ఎదురుగా బీరువా అద్దం ఉంది, అందులో కనపడుతోంది, నేనేం చెయ్యను!

…మాట్లాడు, మాట్లాడు. నేను ఆగితే వాడూ ఆగుతున్నాడు.

…గుమ్మం దాకా పోయాడు. చెప్పులుండే చోట వాసన చూస్తున్నాడు. అటు చూస్తున్నాడు, ఇటు చూస్తున్నాడు. నమ్మకం కుదరడం లేదు. మళ్ళీ చూస్తున్నాడు… ఒక కాలు బయట పెట్టాడు. అమ్మాయ్, కాలు గడప అవతల పెట్టాడు!

…అరవడం లేదు. మెల్లిగానే అంటున్నాను.

…తిరిగాడు. ఇటే.

…

నా మడమ దగ్గర ముక్కు. చల్లగా ఉంది. ఇంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు.

…ముట్టుకోను. సరే. ముట్టుకోను.

…బండా? వద్దు. పంపకమ్మా. బయల్దేరితే సగం దారిలోంచి వెనక్కి పిలువు.

…నువ్వు నవ్వితే నవ్వు. పొద్దున ఎత్తినవాళ్ళకి కూడా చెప్పు, ముసలిదానికి మతి లేదని.

…ఆఁ? గేటు దగ్గరా? కుక్కపిల్లకి దెబ్బా… అయ్యో. వెళ్ళు, వెళ్ళు. పాపం దాన్ని చూడు. ఒక్క మాట, వీణ్ణి ఇప్పుడు… హలో?

హలో?

…పెట్టేసింది.

…

…

ఆ… ఆ. అవునవును. వింటున్నాను, చెప్పు.

…లేదులే, చెవి నిక్కించాడు, అంతే. మళ్ళీ దించాడు. పడుకున్నాడు. నా పాదం మీద గడ్డం పెట్టాడు. బరువే ఉన్నాడు అల్లుడు.

…

నువ్వు లైన్లో లేవు కాబట్టి చెప్తున్నాను. వీణ్ణి తీసుకుపొమ్మన్నది తడుపుతున్నాడని కాదు. కుదర్లేదన్నది కూడా పైమాటే. ఒక్కదాన్నే ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ లేరు, అంతే. దానికి అలవాటుపడిపోయాను. వీడొచ్చాక ఇంట్లో ఒక ప్రాణి ఉంది. ఉండి నా దగ్గరికి రాదు. గిన్నె కడుగుతూ నిలబడి ఇదే ఆలోచన. నాలో ఏం చూసి భయపడుతోంది ఇది… ఇంత దెబ్బతిన్నదానికి కూడా పనికిరానిదాన్నా అని. ఇలాంటివి నీకెలా చెప్పను, నీకేమో వందపనులు.

…

భుజం లాగేస్తోంది. చెయ్యి మార్చుకుంటే కదులుతాడు. ఫోన్ దించి, మాట ఆపానా, లేచిపోతాడు.

…

ఆ… ఉన్నాను, ఉన్నాను. తొందరేం లేదు.

ఇంకేంటమ్మా విశేషాలు?