జైతున్ బీ కట్టిన రూపాయి

కార్ఖానా బస్తీ పెద్దలకు, తల్లులకు, పని మానుకొని వచ్చిన ప్రతి ఒక్కరికీ దండాలు. మన జైతున్ బీని మొన్ననే మట్టి చేసి వచ్చాం. ఇవాళ ఈ బడి ఆవరణ నిండిపోయింది. ఇంతమంది వస్తారని నేననుకోలేదు. ఆమె కూడా అనుకొని ఉండదు.

నేను మాటకారిని కాను. లచ్చమ్మ కొడుకు సదాశివను. పటాలంలో పనిచేసి కుంటికాలితో ఇంటికొచ్చినవాణ్ణి.

ఈ బస్తీ నుంచి ఎవరు పటాలానికి బయల్దేరినా జైతున్ బీ గడప దాటి వచ్చేది. వెండి రూపాయిని పచ్చగుడ్డలో చుట్టి కుడి జబ్బకు కట్టేది. అదే ఇమాం జామిన్, ప్రయాణానికి రక్ష. వెళ్లినవాడు క్షేమంగా తిరిగొస్తే ఆ ముడి విప్పి, రూపాయిని ఫకీరుకు ఇవ్వాలి. అప్పుడే ప్రయాణం ముగిసినట్టు. ఇది మీకు నేను చెప్పాలా? ఇక్కడున్న ఎందరి జబ్బలకు ఆమె కట్టలేదు?

నేను బర్మా యుద్ధానికి వెళ్లేనాడు మా అమ్మ నా నుదుట ఎల్లమ్మ బండారు పెట్టింది. అంతలో పచ్చగుడ్డతో ఈమె వచ్చింది. అమ్మ నసిగింది. "మీ ఎల్లమ్మ ఒక్కతే గంత దూరం పోవాలె గద లచ్చమ్మా, జెర తోడు ఉండనియ్" అంది జైతున్ బీ. అమ్మ నవ్వి నా చెయ్యి ముందుకు తోసింది.

ఆమెకు ఒక్కడే కొడుకు, హనీఫ్. నాకంటే చిన్నవాడు. నిజాం సర్కారు పటాలంలో చేరాడు. నలభై ఎనిమిది ఎండాకాలంలో వాణ్ణి సరిహద్దుకు పంపినప్పుడు ఈ బస్తీ ఏం చేసింది? బాజా పెట్టింది. మిఠాయి పంచింది. వాడి లారీ వెంట మూలమలుపు దాకా నడిచింది. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. పడమటి సరిహద్దులో హనీఫ్ చనిపోయాడు. అక్కడే పూడ్చారు. తోటి సిపాయి ఒకడు వాడి జబ్బకున్న పచ్చగుడ్డను ముడితో సహా కోసి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లోనే ఇదే బస్తీ, ఇదే రోడ్డు మీద నిలబడి, వచ్చిన సైన్యానికి దండలు వేసింది.

దండలు వెయ్యకూడదని నేననను. రజాకార్లు ఊళ్లలో ఏం చేశారో మనందరికీ తెలుసు. ఆ భయం పోయిందని జనం సంతోషపడ్డారు, తప్పేముంది? కానీ హనీఫ్ రజాకారు కాడు. జీతానికి పనిచేసిన సిపాయి, నాలాగే. హుకుం వస్తే వెళ్లాడు, నాలాగే. మరి నల్లా దగ్గర ఆ తల్లిని రజాకారు తల్లి అని ఎందుకన్నారు? ఆమె బిందెను ఎందుకు పక్కకు జరిపారు? అన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. పేర్లు చెప్పను. కోపం మాత్రం దాచుకోను.

అప్పుడు నేను కాశ్మీరులో ఉన్నాను. కాలు చెడి తిరిగొస్తే నాకు స్టేషన్ నుంచి మారేడ్‌పల్లి మీదుగా ఊరేగింపు. మెడ నిండా బంతిపూలు. బాజా ఆమె ఇంటి ముందు నుంచే వెళ్లింది. తలుపు మూసి ఉంది. ఆ సాయంత్రమే దండలు తీసేసి ఒక్కణ్ణే వెళ్లాను. కాశ్మీరుకు వెళ్లేనాడు నా జబ్బకు ఆమె కట్టిన రూపాయి అలాగే ఉంది, విప్పాల్సింది ఆమే కదా. ముడి బిగుసుకుపోతే పళ్లతో లాగింది. విప్పాక కూడా నా జబ్బ వదల్లేదు. "వానికి సుత గింతే గట్టిగ కట్టిన, సదాశివా" అంది.

అయ్యా, నేను రెండు యుద్ధాలు చూశాను. ఆ మాటకు మాత్రం తట్టుకోలేకపోయాను.

ప్రతి ఆగస్టు పదిహేనుకు ఇదే ఆవరణలో, యుద్ధాల్లో పోయిన మన బస్తీ సిపాయిల పేర్లు చదువుతాం. ప్రతిసారీ ఆమె వచ్చింది. ఆడవాళ్ల వెనక, గోడకు ఆనుకొని కూర్చునేది. చివరి పేరు దాకా వినేది. కొంగు సర్దుకొని వెళ్లిపోయేది. ఎందుకు వచ్చేదో మనకు తెలియదా? హనీఫ్ పేరు కూడా చదవమని నేను అడిగితే, "గెలిచినోళ్ల సభల గా పేరెందుకు, ఊకో" అన్నారు. ఆమె మాత్రం ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

పోయేముందు హనీఫ్ రూపాయిని నా చేతిలో పెట్టింది. తిరిగిరానివాడి రూపాయి ఏ ఫకీరూ తీసుకోలేదట. "బస్తీ వాని పేరు పిలిస్తే వాడు ఇంటికొచ్చినట్టే. గప్పుడు ఇయ్యి, బిడ్డా" అంది.

ఇదిగో, ఆ పచ్చగుడ్డ. రంగు పోయింది. ముడి ఆమె వేసిందే. వేసిన చేతులు మట్టిలో ఉన్నాయి. ఇక విప్పాల్సింది మనమే. ఫకీరును పిలిపించాను, గేటు దగ్గర కూర్చున్నాడు.

వెళ్లే సిపాయి కోసం నిలబడ్డాం, మిఠాయితో. గెలిచిన సిపాయి కోసం నిలబడ్డాం, దండలతో. ఈ తల్లి కోసం, ఆమె కొడుకు కోసం ఇవాళ ఉత్త చేతులతో నిలబడదాం. నేను ఒక్కసారి పేరు పిలుస్తాను. ఈ ముడి విప్పేదాకా ఎవరూ మాట్లాడవద్దు.

లేవండి.

జైతున్ బీ కొడుకు, కార్ఖానా బస్తీ సిపాయి, హనీఫ్.