రాని రాత్రులకు జీతం

భార్యాభర్తలిద్దరిదీ ఒకే మిల్లు. అతను మరమగ్గాల మెకానిక్కు, ఆమె జీతాల గుమస్తా. ఆమె అతని డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేస్తుండగా మాట మొదలైంది.

“ఈ నెల నాకు జీతం ఎక్కువ పడింది. మేనేజరుకి చెప్పి తిరిగిచ్చేస్తా.”

“చెప్తే తిట్లు తినేది నేను. జీతాలు వేసింది నేనేగా! అయినా ఎక్కువేం లేదు, సరిగ్గానే వేశాను.”

“ఏం సరి, నా మొహం! చెయ్యని నైట్‌షిఫ్టులక్కూడా వేశావు. రేపు బయటపడితే ఇద్దరం రోడ్డున పడతాం. బుర్ర ఎక్కడ పెట్టావే?”

“చెయ్యనివా?”

“మరి? హాజరు మిషను చూడలేదా?”

“అది పాడైంది. అందర్నీ అడిగి రాసుకున్నాను. ఇంట్లో మనిషిని ప్రత్యేకంగా అడగడం ఎందుకని మిమ్మల్ని అడగలేదు.”

“అడక్కుండా దేన్ని బట్టి వేశావు?”

“నైట్‌షిఫ్టని చెప్పి మీరు ఇంటికి రాని రాత్రులన్నీ వేశాను.”

ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది.

“పోనీలే,” అన్నాడతను. “మేనేజరుకెందుకు? ఉంచేసుకుందాం.”

“మేనేజరుకి రేపు నేనే చెప్తాను. నాకు మాత్రం మీరిప్పుడే చెప్పండి.”