అమ్మ కట్టిన సంచుల కట్టలు

అమ్మ పోయిన మూడో వారం, వంటింటి అలమర ఖాళీ చేస్తూ అక్కా తమ్ముడూ నేల మీద కూర్చున్నారు. మధ్యలో సూపర్ మార్కెట్ సంచుల గుట్ట.

"ఒరేయ్, ఇన్ని సంచులా!"

"ఓ నలభై వేలుంటాయక్కా. అన్నీ కలిపి కుడితే ఊరంతటికీ షామియానా అవుతుంది."

"షాపుల్ని బట్టి సంచుల్ని రకాలుగా విడదీసి, కట్టలు కట్టి, చీటీలు కూడా అంటించింది చూడు. 'ధర తక్కువ, పురుగులెక్కువ.'"

"అది బస్టాండ్ దగ్గరి షాపు. ఆ పప్పు పొయ్యి మీదికి దానంతటదే నడిచొచ్చేది."

"'ఊరికే చూసి వచ్చేయాల్సినవి.'"

"అద్దాల షాపులు. అక్కడ ఉల్లిపాయలక్కూడా ఏసీ గదులుంటాయి. ఆ పెద్ద కట్ట మీదేముంది?"

"'కుర్చీ ఉన్న షాపు.' కుర్చీ ఏంట్రా?"

"ఆఖరి ఏడాదంతా ఈ షాపుకే తీసుకెళ్లమనేదక్కా. వీధి చివర కొట్టు పెట్టుకుని, ఉప్పు ప్యాకెట్ కోసం ఊరు దాటాలా అని ప్రతిసారీ అరిచేవాణ్ణి."

"కూర్చోడానికా! అంటే ఆయాసం అప్పటికే ఉందన్నమాట. డాక్టర్ అడిగితే మొన్ననే మొదలైందని చెప్పింది కదరా."

"బిల్లు కౌంటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటుండేది. లోపలికెళ్లగానే దాంట్లో కూర్చునేది. ఎవరో దొరికారు, కబుర్లలో పడిందనుకున్నా."

"నువ్వెక్కడున్నావ్?"

"బయట, బండి మీద."

"ఏం చేస్తూ?"

"హారన్ కొడుతూ అక్కా."