నెలకి రెండు ఆదివారాలు

కొత్తపేటలో వీరవేణి బట్టలు కుట్టుకుంటూ ఉండే అద్దెగది. విడాకులయ్యాక మొదటిసారి, ఒకప్పటి అత్తగారు సూర్యకుమారి అంబాజీపేట నుంచి వచ్చి కూర్చుంది.

"రెండో ఆదివారం, నాలుగో ఆదివారం. పొద్దున్న పది నుంచి సాయంత్రం అయిదు దాకా. పిల్లని తండ్రి దగ్గరికి పంపమని కోర్టువారు రాసిందే కదమ్మా నేనడిగేది."

"ఆయ్, రాసేరండి. దుర్గాశ్రీ చెయ్యి విరక్కముందు రాసేరు."

"విరగలేదు, బెణికింది."

"అత్తయ్యగారూ, కట్టు కట్టించింది నేను. ఎముక విరిగిందన్నారు డాక్టరుగారు."

"ఆడుకుంటూ అరుగు మీంచి పడింది. అక్కడే ఉన్నాను నేను."

"పడ్డానని అది చెప్పలేదండి."

"ఏం... ఏం చెప్పింది?"

"ఏం చెప్పదు. మీ అబ్బాయి పేరెత్తితే మంచం కిందకి దూరుతోంది."

"పిల్లలు బెదురుతారమ్మా. ఒక్క ఆదివారం పంపు. పక్కనే ఉండి చూసుకుంటాను."

"అప్పుడూ పక్కనే ఉన్నారు కదండి."

"వీరవేణీ..."

"మీ మీద కోపం లేదండి. ఆయన నా తల గోడకేసి కొట్టిన రోజున పసుపు అద్దింది మీరే. అద్దేరు గానీ, ఆపలేదు."

"ఆపితే ఆగేవాడా?"

"మరి పిల్లనెలా కాస్తారు? చూడాలనుంటే ఇక్కడ పార్కుకి రమ్మనండి. నేను దూరంగా కూచుంటాను."

"పార్కు వద్దు. ఇంటికే రావాలి."

"ఇంటికే ఎందుకండి?"

"ఇంటికే రావాలమ్మా. అంతే."

తలుపు గోడకి కొట్టుకుంది. బుచ్చిరాజు లోపలికి వచ్చాడు.

"ఇంకా తేలలేదా అమ్మా? లారీకి కొబ్బరికాయ ఎక్కించడం మానుకుని వచ్చేను. ఎంతసేపు నిలబడమంటావు వీధిలో?"

"మీరు లోపలికి రాకూడదు. కోర్టువారు వద్దన్నారు."

"నా కూతుర్ని చూడ్డానికి నాకు అడ్డు చెప్పేదెవరే? ఏదది?"

"ట్యూషన్‌కెళ్ళింది."

"ఎక్కడ?"

"చెప్పను."

"ఈ కుట్టుమిషను చూసుకునే కదూ నీ పొగరంతా."

"బుచ్చీ, వద్దురా. దాని బతుకుతెరువురా అది, కింద పెట్టు... అయ్యో, ముక్కలు చేసేసేవు కదరా."

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ ట్యూషను?"

"చంపినా చెప్పను."

"చంపుతాను. అదేం పెద్ద పని?"

"జుట్టు వదలండి. నా చేతిలో కత్తెరుంది. వదలకపోతే దింపుతాను."

"దింపవే. ఏదీ, దింపు... అమ్మా, చెయ్యి. పొడిచేసిందే. నన్ను పొడిచేసిందే ఇది."

"ఇంకో అడుగేస్తే ఈసారి చేతిలో కాదు, పొట్టలో."

"చూస్తూ నుంచున్నావేంటమ్మా? వెనకనుంచి పట్టుకో దాన్ని."

"నేను పట్టుకోనురా."

"ఏమన్నావు?"

"పట్టుకోనన్నాను. వెళ్ళిపో. పక్కింటివాళ్ళు కర్రలుచ్చుకుని వస్తన్నారు."

"రా, ఇంటికి రా నువ్వు. ఇంటికొచ్చేక చెప్తాను నీ సంగతి."

"తలుపేసేనండి. బండెక్కి పోయేడు. మీరు కూచోండి."

"నీ నోట్లోంచి రక్తం వస్తోందమ్మా."

"ఆయన గుద్దిన గుద్దుకి పన్ను కదిలింది, పోనీండి. స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాను. మీరింక ఆ ఇంటికెళ్ళద్దు, ఇక్కడే ఉండిపోండి. కలో గంజో ముగ్గురం తాగుదాం."

"నన్ను ఉండమనకు."

"ఎందుకండి?"

"పిల్ల చెయ్యి ఎలా విరిగిందో తెలిస్తే ఉండమనవు."

"ఆయనే విరక్కొట్టేడు. నాకు తెలీదనుకున్నారా?"

"వాడు కొట్టింది దాన్ని కాదమ్మా. నువ్వెళ్ళిపోయేక ఆ దెబ్బలన్నీ నాకే కదా. ఆ రోజు నామీదకే ఎత్తేడు దుడ్డుకర్ర."

"అయితే మామ్మని కొట్టద్దని అడ్డమొచ్చిందన్న మాట, నా తల్లి. అందులో మీ తప్పేముందండి?"

"అది రాలేదమ్మా. పిల్ల అడ్డముంటే ఆగుతాడని, నేనే దాన్ని లాగి నా ముందు పెట్టుకున్నాను."