ఆదివారం క్లాసుకి చీటీలు

రిటైరైన బ్యాంకు మేనేజరుగారు ఆదివారం ఆదివారం కాలనీ హాల్లో జనానికి డబ్బు పాఠాలు చెబుతారు. వచ్చినవాళ్ళు అడగదలుచుకున్నవి చీటీల మీద రాసి పెట్టెలో వేసి పోతారు. శనివారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని భార్య ఆ చీటీలు చదవాలి, ఆయన చెప్పాలి, ఆవిడ రాసుకోవాలి. ఆరేళ్ళుగా శనివారమంటే ఆవిడకి ఇదే, పాపం.

“రాశావా? జీతం పడ్డ రోజే పక్కన పెట్టాలి, నెలాఖరున మిగిలితే పెడదామంటే మిగలదు. ఆ ముక్క కింద గీత గియ్యి.”

“గీశాను.”

“తిన్నగా గియ్యి, రేపు నేను చదువుకోవాలి. తర్వాత?”

“బావమరిది అప్పుకి హామీ సంతకం పెట్టమంటున్నాడు, పెట్టనా వద్దా అని ఒకాయన.”

“పెట్టమను. పెట్టి, ఆ అప్పు కూడా తనే కట్టుకోమను. ఇక్కడ జనం నవ్వుతారు, కాస్త ఆగాలి. ‘ఆగాలి’ అని పక్కన రాయి.”

“రాశాను.”

“అయిపోయినట్టేనా?”

“అయిపోయా... లేదు, ఇంకొకటి ఉంది.”

“ఇంకోటా? ఉందా?”

“ఉంది. అడుగున ఉండిపోయింది.”

“సరే, చదువు.”

“‘అయ్యా, మా ఇంట్లో ఒకరికి కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్‌కి తొమ్మిది లక్షలు దాటుతుందట. చేస్తే సగానికి సగం ఆశ, చెయ్యకపోతే ఏడాది. మాకున్నదల్లా ఇద్దరి పేరా వేసిన డిపాజిట్ ఒకటే. ఇద్దరం సంతకం పెడితేనే అది చేతికొస్తుంది. తియ్యమంటారా?’ అంతే.”

“ఇన్సూరెన్సు లేదా?”

“పోయినేడాది మానేశారట. ఇన్నేళ్ళు కట్టి ఒక్కసారీ వాడలేదు, దండగ అన్నారట ఇంటాయన.”

“ఊఁ. వయసు?”

“అరవై దాటింది.”

“సంపాదన?”

“ఇప్పుడు లేదు.”

“డిపాజిట్ ఎంత?”

“పది.”

“అయితే రాసుకో. తియ్యకూడదు.”

“అంతేనా?”

“అంతేనా అంటే? తొమ్మిది పోసి సగం ఆశ కొనుక్కోవడం జూదం. గడ్డ పోయినా ఊరుకుంటుందా, మందులు, పరీక్షలు, మళ్ళీ ఆసుపత్రి. మిగిలిన మనిషి చేతిలో ఉండేది ఒక్క లక్ష. పోయేవాళ్ళు పోతారు, ఉండేవాళ్ళు చెయ్యి చాపకూడదు. రాస్తున్నావా?”

“పోయేవాళ్ళు... ఏమన్నారు?”

“పోతారు.”

“కొంచెం మెత్తగా చెప్పకూడదూ? ఆ మనిషి రేపు హాల్లో ముందు వరసలో కూర్చుని ఉంటే?”

“ఉంటే వినాలి. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చూశాను ఈ బాపతు వాళ్ళని. కళ్ళు తుడుచుకుంటూ వచ్చి డిపాజిట్ విరిచేసుకుంటారు. నేను క్యాషియరుగా ఉన్నప్పుడు ఒకతను వాళ్ళమ్మ కోసం మొత్తం ఊడ్చి పట్టుకుపోయాడు. ఇరవై రోజులు తిరక్కుండా అదే కౌంటరుకొచ్చి ఇంటద్దెకి అప్పడిగాడు. ఆ రోజే అనుకున్నాను, రిటైరయ్యాక జనానికి ఇదొక్కటీ నేర్పాలని. డబ్బు దగ్గర ఏడుపు పనికిరాదు.”

“అప్పిచ్చారా అతనికి?”

“రూల్సు ఒప్పుకోవు.”

“ఆ ఇరవై రోజులూ తల్లి కళ్ళముందుంది కదండీ.”

“దాన్ని ఏ ఖాతాలో వెయ్యను? కబుర్లాపి రాయి.”

“ఒక్క మాట. నలభయ్యేళ్ళు పక్కన బతికిన మనిషైతే?”

“అయితే మాత్రం? ఫ్రిజ్ ఉంది. ఎన్నేళ్ళు చల్లబెట్టినా ఒక రోజు ఆగిపోతుంది. బాగుచెయ్యడానికి కొత్తదాని ఖరీదు అడిగితే చేయిస్తామా?”

“ఫ్రిజ్.”

“పోలికకి చెప్పాను. ఇలా చెబితేనే జనం బుర్రకెక్కుతుంది.”

“నేను రాయలేనండీ ఇది.”

“ఎందుకు రాయలేవు? చీటీ రాసినప్పుడు లేని కష్టం సమాధానం రాయడానికొచ్చిందా?”

“ఏంటి మీరంటున్నది?”

“పెట్టెలో ఉన్నవి పదకొండు. ఇంటికి తెచ్చిన రోజే లెక్కపెట్టాను. కట్ట చేతికొస్తే లెక్కపెట్టకుండా ఉండలేను, నీకు తెలుసుగా. నువ్వు చదివింది పన్నెండోది.”

“అంటే... తెలిసే చెప్పారా ఇదంతా?”

“తెలిసే. నీకు నేరుగా అడిగే ధైర్యం లేదు, నాకు నేరుగా చెప్పే ధైర్యం లేదు. నువ్వే దారి చూపించావు, ఆ దారినే వచ్చాను. పోయిన నెల ఇద్దరం పరీక్షలు చేయించుకున్నాం. రిపోర్టులు తేవడానికి వెళ్ళి కళ్ళు వాచి వచ్చావు. ఉల్లిపాయలన్నావు. నేనంత వెర్రివాణ్ణా? మర్నాడు నీ బ్యాగులో ఆసుపత్రి వాళ్ళ ఖర్చు కాగితం చూశాను. తొమ్మిది లక్షల పన్నెండు వేలు.”

“చూసి కూడా ఒక్క మాట అనలేదు నాతో.”

“అంటే ఏడుస్తావు. నాకు జాలి పుడుతుంది. జాలి పుడితే సంతకం పెట్టేస్తాను.”

“ఎవరి మీద జాలి?”

“నీ మీదే. ఇంకెవరి మీద?”

“ఓహో.”

“ఓహో ఏంటి? నాది బాగానే ఉందన్నావు, నీ రిపోర్టు మాత్రం చూపించలేదు. ఆపాటి అర్థం చేసుకోలేనా?”

“చేసుకోగలరు. అయితే నా కోసం సంతకం పెట్టరు.”

“పెట్టను. నన్ను రాక్షసుణ్ణి అనుకున్నా సరే. నువ్వు పోయాక నేను ఎవడి గుమ్మంలోనూ నిలబడలేను.”

“డిపాజిట్ తీసే ఫారం నింపి ఉంచానండీ. నా సంతకం ఎప్పుడో పెట్టేశాను, మీదొక్కటే ఖాళీ. సోమవారం సాయంత్రానికల్లా కడితే మంగళవారమే చేస్తామన్నారు. ఆఖరిసారి అడుగుతున్నాను.”

“మంగళవారం లేదు. నిన్న నువ్వు కూరలకెళ్ళినప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేసి మంచం వద్దని చెప్పేశాను.”

“చెప్పేశారా.”

“ఇంకెవరికో ఇచ్చేశారు. మళ్ళీ కావాలంటే మూడు నెలలట.”

“మూడు నెలలు ఆగే గడ్డ కాదట అది. డాక్టరు నాతో గట్టిగా చెప్పాడు.”

“ఏడవకు.”

“ఏడవట్లేదు. ఫోన్‌లో ఎవరి పేరు చెప్పారు?”

“పేరెందుకు? కాగితం మీద నంబరు చెప్పాను. అది చాలన్నారు.”

“కాగితం పూర్తిగా చదివారా?”

“అడుగునున్న నంబరూ, మొత్తం ఖర్చూ చూశాను. బ్యాగులో పైకి కనపడేలా అదే మడిచి ఉంది. ఇంకేం చదవాలి?”

“కొంచెం మంచినీళ్ళు తాగండి.”

“నాకెందుకు మంచినీళ్ళు?”

“మీకెలా చెప్పాలో తెలియక చీటీ రాశానండీ. నాకేం లేదు. మడత విప్పితే, ఆ కాగితం మీద ఉన్నది మీ పేరు.”