ఓడను వినేవాళ్ళు

రేవు పక్కన పాత ఓడ మరమ్మతు కోసం తెరిచిన ఆఫీసు. మెట్లెక్కి వచ్చిన ముసలి ఓడల సర్వేయరుకి ఆయాసం ఎంతుందో కోపమూ అంతే ఉంది. మేడ మీద గదిలో కూర్చున్న ప్రాజెక్టు అధికారి ఒకప్పుడు ఆయన దగ్గర సుత్తితో ఓడల చెక్కను తట్టి, మోతను బట్టి మంచిచెడ్డలు చెప్పే పని నేర్చుకున్న శిష్యురాలే.

"అది కాదు మాస్టారూ, ముందు కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మాయ్. కింద కౌంటర్లో గుమాస్తా చెప్పాడు. నేను పోటీకి పనికిరానట. పనికిరారు అనే మాటే అన్నాడు."

"అలా అనకూడదతను. నేను పిలిచి మాట్లాడతాను."

"అతన్నేం అనకు. ఉన్నదున్నట్టు చెప్పాడు, పాపం. టెండరు షరతులు రాసినవాళ్ళు ఆ టెండరుకి దరఖాస్తు పెట్టుకోకూడదట. ప్రజల సొమ్ముతో చేసే ప్రతి పనికీ ఇదే పద్ధతట. అంతేనా?"

"ఊఁ."

"ఊఁ ఏమిటి? కిటికీ వైపు చూస్తూ కాదు. ఇటు తిరిగి చెప్పు."

"అంతే మాస్టారూ. పద్ధతి అదే."

"మరి ఆ షరతులు నాచేత రాయించిందెవరు?"

"నేనే. ఈ ఓడ గురించి మీకంటే తెలిసినవాళ్ళు..."

"ఏంటి? మళ్ళీ చెప్పు."

"మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారని."

"సరిగ్గా ఈ మాటే అన్నావు ఆ రోజు కూడా. నేనెంత ఉబ్బిపోయానో తెలుసా? ఇంటికెళ్ళి మీ పిన్నికి చెప్పాను, చూశావా, ఇంత పెద్ద ఆఫీసరయ్యాక కూడా నేను లేందే దానికి చెయ్యి ఆడదని. ఆవిడ నవ్వి ఊరుకుంది."

"పిన్నిగారు ఎలా ఉన్నారు?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు. టీ చెప్పనా?"

"వద్దు. రాయడానికి ముందు నిన్నో మాట అడిగాను. గుర్తుందా?"

"చాలా మాట్లాడుకున్నాం కదా మాస్టారూ, ఆ రోజు."

"గుర్తుందా లేదా?"

"ఏ మాట?"

"నాకివన్నీ తెలీవమ్మాయ్ అన్నాను. పడవల వాళ్ళు నోటిమాటగా పిలిస్తే వెళ్ళి చూసి వచ్చేవాణ్ణే తప్ప, జన్మలో టెండరు మొహం చూడలేదన్నాను. నేనిది రాస్తే రేపు నాకేమన్నా ఇబ్బందొస్తుందా అని అడిగాను. నువ్వేమన్నావు? నన్ను చెప్పమంటావా?"

"మీకేం ఇబ్బంది రాదు మాస్టారూ అన్నాను."

"అనేటప్పటికి ఈ పద్ధతి సంగతి నీకు తెలుసా, తెలీదా?"

"అప్పటికి నేను ఈ కుర్చీకి కొత్త. అంతా సరిగ్గా..."

"పెదవి లోపలికి పోతోంది. తెలుసు నీకు. తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసే రాయించావు."

"మాస్టారూ, ఒక్క నిమిషం. హలో. ఆఁ, వచ్చేశారా? పక్క గదిలో కూర్చోబెట్టండి. వస్తున్నా. ఊఁ, చెప్పండి మాస్టారూ."

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"ఫోనొచ్చింది కదా."

"వచ్చిందా?"

"మీ మోచేతి పక్కనే మోగింది."

"నా కోపంలో నేనున్నాను. ఎవరొచ్చారు?"

"వాళ్ళే. కన్సల్టెంటు పని వచ్చినవాళ్ళు. ఇవాళ సంతకాలు."

"ఓహో. సరిగ్గా పెళ్ళివేళకే ఊడిపడ్డానన్నమాట. ఎవరు వాళ్ళు? మన ఓడని ఎప్పుడన్నా చూశారా?"

"రెండుసార్లు వచ్చి చూశారు. మంచివాళ్ళే. శబ్దం పంపించి చెక్క లోపల ఎలా ఉందో చూసే మిషన్లున్నాయి వాళ్ళ దగ్గర."

"మిషన్లు. ఈ ఓడ బురదలో కూరుకుపోయి, పాత ఇనుం కొనేవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకొచ్చిన రోజున ఆ మిషన్లు ఎక్కడున్నాయి?"

"ఆ రోజు మీరే అడ్డం పడ్డారు. కాదనడంలేదు."

"నువ్వు నా పక్కనే ఉన్నావు. నీ చీర అంచంతా బురద. గుర్తుందా? ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగాం. కాళ్ళరిగేలా తిరిగాం. మనం కనపడితే చాలు, ఓడ పిచ్చాయన వస్తున్నాడని తలుపులేసుకునేవాళ్ళు. అలా తిరిగి తిరిగి డబ్బు మంజూరయ్యేసరికి..."

"మాస్టారూ."

"...నమ్మించి గొంతు కోశావు."

"అంత మాటనకండి."

"ఇంతకంటే చిన్న మాట నాకు తెలీదు. చెప్పు, దీనికి పేరేమిటో నువ్వే చెప్పు."

"మిమ్మల్ని గౌరవ సలహాదారుగా వేయాలని కమిటీకి రాశాను. ఓడని మ్యూజియంగా తెరిచే రోజు ముందు వరసలో మీకు కుర్చీ. మీ పేరుతో పై డెక్కు మీద ఇత్తడి పలక కూడా..."

"పలకలు పోయినవాళ్ళకి వేస్తారు."

"అలా కాదు మాస్టారూ."

"నాకు కావలసింది పలక కాదు, పని. ఆఖరి ఓడ ఇది నాకు. దీని తర్వాత సుత్తి గోడకి తగిలించి ఇంట్లో కూర్చుంటానని మీ పిన్నికి మాటిచ్చాను. ఆ ఒక్కటీ నాకు లేకుండా పోయింది, చేసింది నువ్వే. ఎందుకు? నాకు కారణం కావాలి. వాళ్ళేమన్నా ముట్టజెప్పారా?"

"మాస్టారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి."

"తీసుకున్నా. నీ మొహం చూస్తే తెలుస్తోంది, అది కాదని. మరేంటి?"

"వదిలేయండి. దయచేసి."

"వదలను."

"చెప్తే మీరు తట్టుకోలేరు."

"ఇప్పుడు తట్టుకుంటున్నదేంటి మరి?"

"సరే. ఆ లాంచీ గుర్తుందా? అవతలి ఒడ్డుకి జనాన్ని దాటించేది. మనిద్దరం కలిసి చేసిన ఆఖరి పని."

"గుర్తుంది."

"దాని అడుగు దూలం బాగుందని రాసిచ్చారు మీరు."

"రాసిచ్చాను."

"తర్వాతి వారం నేను వెళ్ళి ఊరికే సుత్తి పెట్టి కొట్టి చూశాను. గుల్ల. ఈ చివర్నుంచి ఆ చివరదాకా గుల్ల మాస్టారూ. ఎవరికీ చెప్పలేదు. వేరే వంక చెప్పి ఆ దూలం మార్పించాను. మీ పేరు బయటికి రాకుండా చూసుకున్నాను. లేకపోతే ఏ వానాకాలమో అది నడిగంగలో... జనం ఉంటారు అందులో."

"నడి ఏంటి?"

"నది మధ్యలో. నది."

"ఊఁ."

"ఇప్పుడీ ఓడ మ్యూజియం అవుతుంది. బడి పిల్లలు ఎక్కుతారు, బస్సులకి బస్సులు. ఎవడో ఒక పిల్లాడి కింద చెక్క కూలిందనుకోండి. చెవి ఈ మధ్య మందగించిందని మీరు ఒప్పుకోరు. నేను చెప్పలేను. ఎలా చెప్పను? చెక్కని ఎలా వినాలో నేర్పిన మనిషికి, మీకు వినపడట్లేదు మాస్టారూ అని ఏ నోటితో చెప్పను? అందుకని ఈ దారి వెతికాను. తప్పే. కానీ మీ పరువు దక్కుతుందనుకున్నాను. నియమం అడ్డొచ్చిందంటే నలుగురూ అయ్యో అంటారు. చెవుడొచ్చిందంటే నవ్వుతారు."

"బాగా ఆలోచించావు."

"రెండు రోజులు నిద్రలేదు. ఆ మాట మీతో ఎలా అనాలో ఇంట్లో అనుకుంటూ తిరిగాను. మీకేం ఇబ్బంది రాదు మాస్టారూ, మీకేం ఇబ్బంది రాదు అని. నాటకమేమన్నా వేస్తున్నావా అని మా ఆయన ఎగతాళి చేశాడు."

"ఈ మధ్య అన్నావు."

"ఏమిటి?"

"చెవి ఈ మధ్య మందగించిందన్నావు. ఈ మధ్య కాదు."

"అంటే?"

"నువ్వు నా దగ్గర పనికి చేరేనాటికే సగం పోయింది. మిగతా సగం ఆ తర్వాత పోయింది. దగ్గరగా, ఎదురుగా ఉంటే మనిషి మాట పెదవుల్ని బట్టి పట్టేస్తాను. చెక్క మోత మాత్రం వినపడదు. ఏళ్ళయింది విని."

"పిన్నిగారికి తెలుసా?"

"ఆవిడ ఏం చెప్పినా తలూపుతూ నెట్టుకొస్తున్నాను. మొగుళ్ళందరూ ఇంతేలే అని సరిపెట్టుకుంది."

"నవ్వించకండి మాస్టారూ. ఇది నవ్వే సంగతి కాదు. ఇన్నేళ్ళూ ఎన్ని పడవలకి బాగుందని సంతకం పెట్టారు మీరు? అన్నీ గుడ్డిగా పెట్టారా?"

"ఒక్కటి తప్పయిందా? ఆ లాంచీ తప్ప?"

"లేదు. అదే నాకు అర్థం కావట్లేదు."

"లాంచీ అడుగు దూలం చూసినప్పుడు సుత్తి ఎవరు కొట్టారు?"

"ఎప్పుడూ నేనే కదా. కాదు, ఆగండి. ఆ వారం నేను లేను. మా పాపకి జ్వరమని సెలవు పెట్టాను."

"కొత్తగా చేరినవాడు కొట్టాడు. వాడి మొహం గోడ లాంటిది. ఏ చెక్క తగిలినా ఒకటే వాలకం."

"మొహం ఏమిటి మాస్టారూ?"

"నువ్వు కొడితే నేను కళ్ళు మూసుకుని వింటాననుకునేవాళ్ళు అందరూ. పూర్తిగా మూసేవాణ్ణి కాదు. నీ మొహం చూసేవాణ్ణి. గట్టి చెక్క తగిలితే నీకేమీ ఉండదు, సుత్తి ముందుకు పోతుంది. గుల్ల తగిలిందా, కింది పెదవి అలా లోపలికి పోతుంది. నీకు తెలీదది. పట్టుకోవడం నేర్చుకున్నాక నాకింక చెవితో పనిలేకపోయింది."

"అందుకేనా ఆ షరతు..."

"ఏ షరతు?"

"చెక్క పరీక్ష మొత్తం ప్రాజెక్టు అధికారే స్వయంగా సుత్తి పట్టి చేయాలి అని రాశారు కదా. కమిటీ వాళ్ళు చదివి నవ్వారు. ఆఫీసరు సుత్తి పట్టడమేంటని. నేనే కొట్టేయించాను."

"కొట్టేయించావా? అదొక్కటే నా కోసం రాసుకున్నాను. మిగతావన్నీ ఓడ కోసం."

"నాతో ముందే ఒక్క మాట చెప్తే ఏం పోయేది మాస్టారూ? ఇద్దరం కలిసి చేసేవాళ్ళం కదా."

"నువ్వు చెప్పావా?"

"నాదీ, మీదీ ఒకటి కాదు. అసలు మీరిప్పుడు ఏం చెప్పారో మీకు తెలుస్తోందా? ఇన్నేళ్ళూ ఆ పడవల్ని విన్నది నేను."

"నువ్వే."

"నలుగురిలో నిలబెట్టి ఏమనేవారు నన్ను? దీనికింకా చెవి కుదర్లేదు అనేవారు. ఎన్నిసార్లన్నారు. గుల్ల అని నాకు తెలుస్తూనే ఉండేది, నోరు తెరిచేలోపే మీరు గుల్ల అనేవారు. నేనే ఆలస్యం అనుకునేదాన్ని. నాకు ఈ విద్య రాదు, నా మొహానికిది రాసిపెట్టి లేదు అనుకుని ఇంట్లో ఏడ్చాను. ఏడ్చి, ఏడ్చి, సుత్తి పక్కన పడేసి పరీక్షలు రాసి ఈ కుర్చీలోకొచ్చాను. ఫైళ్ళు చూసుకుంటూ బతుకుతున్నాను. ఇటు చూడండి మాస్టారూ. ఇప్పుడు మీరు చూడరేం?"

"చూస్తున్నాను."

"నాకు చెవి ఉందని మీకు తెలుసు."

"నాకంటే బాగా ఉంది. నేను కుర్రాడిగా ఉన్నప్పటి కంటే బాగా."

"తెలిసీ అన్నారు."

"చెవి కుదిరిందని చెప్తే సొంతంగా పని పెట్టుకుని వెళ్ళిపోతావు. అప్పుడు నా సంగతి?"

"మీ సంగతి. నా సంగతి ఎవరు చూడాలి?"

"అడుగు. గట్టిగానే అడుగు. నాకెలాగూ వినపడదు."

"జోకులొద్దు మాస్టారూ. ఆగండి, మళ్ళీ ఫోను. హలో. తెలుసు, వస్తున్నాను. పెన్ను నా దగ్గరుంది. ఐదు నిమిషాలని చెప్పండి."

"వెళ్ళు. పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారు."

"మీరు కూర్చోండి. సంతకాలు కాగానే వస్తాను. కారులో ఇంటి దగ్గర దింపుతాను."

"మెట్లు ఎక్కినవాణ్ణి దిగలేనా?"

"ఇలా వెళ్ళకండి. ఏదో ఒకటి అనేసి వెళ్ళండి. తిట్టండి పోనీ."

"తిట్టడానికేముంది. నీకు నేను చేసింది నాకు నువ్వు చేశావు. నేను ముందు మొదలుపెట్టాను, అంతే తేడా. ఒక్కటే మింగుడుపడటం లేదు."

"ఏమిటి మాస్టారూ?"

"మీకేం ఇబ్బంది రాదు అన్నావు చూడు ఆ రోజు. అప్పుడు కూడా నేను వినలేదు తల్లీ, నీ మొహమే చూశాను. కింది పెదవి లోపలికి పోలేదు. గట్టి చెక్కే అనుకుని సంతకం పెట్టాను."