కరెంటు పిట్టకు మగగొంతు

ఏం సార్, నేను మొగోన్నా?

తలెత్తి చూడండి. జడ ఉండాది, ఓణీ ఉండాది, గొంతూ ఉండాది. ఆ గొంతు కోసమే పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరులో మీ ఇల్లు వెతుక్కుంటా వచ్చినా. మా ‘కరెంటు పిట్ట’ క్యాసెట్ మీద పక్షపత్రికలో విమర్శ రాసిన సుబ్రహ్మణ్యం సార్ మీరే కదా?

“యాకూబ్ కంఠంలో పాడుబడిన బావిలోని శోకం వినిపిస్తుంది.” ఆహా! ఏం రాసినారు సార్! యాకూబ్ వాళ్ళ మామ కువైట్ నుంచి పంపిన కీబోర్డు వాయిస్తాడు, అంతే. వాడు నోరు తెరిస్తే వాళ్ళమ్మే తలుపేసుకుంటాది. పాడింది నేను. క్యాసెట్ అట్ట మీద ‘కీబోర్డు: యాకూబ్, గానం: కృష్ణవేణి’ అని ఉండాది కదా? దానికి మీరేమన్నారు? “గాయని పేరు అచ్చుతప్పు కావచ్చు.”

నేను అచ్చుతప్పునా సార్? మా అమ్మ నన్ను కన్నది ప్రింటింగు ప్రెస్సులోనా?

కూర్చోను. కాలేజీ డిబేట్లలో నిలబడి మాట్లాడే అలవాటు.

తిట్లు మాకు కొత్త కాదులెండి. కురబలకోటలో పెండ్లికి మా పాట వేస్తే, ఆ కీబోర్డు మోతకి ఆంప్లిఫయర్ కాలిపోతాండాదనుకోని మైక్‌సెట్టాయన పాట నడుస్తాండగానే స్క్రూడ్రైవర్‌తో విప్పేసినాడు! సదుం టూరింగ్ టాకీసులో ఇంటర్వెల్‌కి వేస్తే ఆపమని ఒకటే ఈలలు. ఒక పెద్దాయన పాపం, చివరిదాకా ఓపిగ్గా విని, “మనుషులు వాయించేది ఎప్పుడొస్తాదమ్మా?” అని అడిగినాడు. నవ్వుకున్నాం. తిట్టినా మమ్మల్నే కదా తిట్టినారు! మీరు పొగిడినారు సార్. పొగిడి, నాది తీసి వాడికిచ్చినారు.

ఇప్పుడేమైందో తెలుసా? కుప్పంలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలుపొచ్చింది. మీ విమర్శ చదివినారంట. “గాయకులు యాకూబ్ గారు” ఒక్కరొస్తే చాలంట! వాడికి అప్పుడే జ్వరం పట్టుకుంది. మా నాయనకేమో పండగ. “పాడింది నువ్వు కాదని పత్రికలోనే పడింది, ఇంక వచ్చే సంబంధాల ముందర నోరు మూసుకోని ఉండు” అంటాండాడు.

అయినా సార్, మగగొంతని ఎట్లనుకున్నారు? శోకం యాడ కనపడింది మీకు? గంతులేసే పాటలు కదా అవి! చెవులకేమన్నా...

ఆగండి, ఆగండి. అమ్మా, మీరు సార్ వాళ్ళ ఆవిడే కదా? ఆ చేటలో, మిరపకాయల పక్కన ఎండబెట్టినవేంది? బ్యాటరీ సెల్లులా? సార్ టేప్‌రికార్డర్‌వా?

అయ్యో నా తల్లీ!

అయిపోయిన సెల్లుల్ని ఎండబెట్టి, వాటితోనే విన్నారా సార్? టేపు ఈడ్చుకుంటా తిరిగితే, నేను కాదు, చంటిపిల్ల పాడినా ముసలాయన మూలిగినట్టే ఉంటాది! మీరు రాసిన శోకం నాది కాదు సార్, ఆ సెల్లులది!

నవ్వొద్దమ్మా. మీరు నవ్వితే నాకూ నవ్వొస్తాది. నవ్వితే కోపం పోతాది. కోపం లేకుంటే ఇంత దూరం వచ్చిందానికి అర్థమేముంది?

సరే, ఒక మాట ఒప్పుకుంటా. మీ విమర్శ వచ్చిన దినం నేను ఏడవలేదు. గది తలుపేసుకోని, ‘యాకూబ్’ అన్న చోటల్లా ‘కృష్ణవేణి’ అని పెట్టి, గట్టిగా చదువుకున్నా. ఎంత బాగుండిందో! ఇప్పుడు నా అసలు గొంతు వింటే మీరు ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటారేమో. ఇది పాట కాదు, గోల అంటారేమో. భయంగానే ఉండాది.

అయినా ఫరవాలేదు. టేపు వద్దు సార్, ఈ వసారాలోనే నిలబడి పాడతా. కండ్లు మూసుకోకుండా, నన్ను చూస్తా వినండి. బాగలేకపోతే తిట్టండి. వచ్చే సంచికలో ఎంత స్థలముంటే అంతా తిట్టండి.

కృష్ణవేణి అని పేరు పెట్టి తిట్టండి.